‘మారండి’ అన్న మాటకి అర్థం

కోపం నాకు మా నాన్న దగ్గర్నుంచి వచ్చింది. ఆయన లోకో షెడ్డులో ఫిట్టరు. డ్యూటీ దిగి క్వార్టరుకొచ్చాక మేం ఎక్కం తప్పు చదివామంటే నడుముకున్న బెల్టు తీసేవాడు. శ్రీకాకుళం వైపు నుంచి బిలాస్‌పూర్ వచ్చిన మా తాత ఆయన్ని కొట్టాడట. ఆయన మమ్మల్ని కొట్టాడు. నేను నా దగ్గర తెలుగు నేర్చుకోవడానికొచ్చిన పిల్లల్ని కొట్టాను, చెక్క స్కేలుతో, అరచేతుల మీద. దాచడానికేముంది!

రైల్వే కాలనీలో తెలుగు సంఘం హాలుంది. ఆదివారం పొద్దున్న అక్కడ నా క్లాసు. పదకొండు మంది పిల్లలు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ మాటమాటకీ హిందీ కలుపుతారు, అక్షరం చూపిస్తే మాత్రం బిక్కమొహం వేస్తారు. నాకు పెళ్ళి లేదు, పిల్లల్లేరు. ఆ రెండు గంటల కోసం వారమంతా బతికేదాన్ని. అలాంటిది, ఒక పిల్ల చెయ్యి వాచిందని తల్లి వెళ్ళి ఫిర్యాదు చేసింది. సంఘం కార్యదర్శి, రిటైరైన స్టేషన్ మాస్టారు, నన్ను పిలిచి మెత్తగానే చెప్పారు.

"మా కాలం ఏరు, ఈ కాలం ఏరమ్మా. ఇంకొక్క పిల్ల మీద నీ చెయ్యి పడిందంటే హాలు తాళం ఇచ్చీసి ఎల్లిపోవాలి మరి."

స్కేలు బీరువాలో పడేశాను. చేతులు మాత్రం దురద పెడుతూనే ఉండేవి.

ఆగస్టు వచ్చింది. స్వాతంత్ర్య పోరాటం మీద చిన్న నాటకం వేయిద్దామనిపించింది. ముందు కథ చెప్పాలి కదా! దెబ్బల గురించి చెప్పడంలో నన్ను మించినవాళ్ళు లేరు. లాఠీ తల మీద పడితే ఎలాంటి చప్పుడొస్తుందో డస్టరుతో బల్ల మీద కొట్టి వినిపించాను. ముందు వరస సత్యాగ్రహులు నెత్తురోడుతూ కూలిపోతుంటే వెనకవాళ్ళు వచ్చి అదే జాగాలో నిలబడ్డారన్నాను. పడినవాళ్ళని బూటుకాళ్ళతో తొక్కారనీ, అయినా ఒక్కరూ చెయ్యెత్తలేదనీ చెప్పాను. పిల్లలు కళ్ళార్పితే ఒట్టు.

"తిరిగి ఎందుకు కొట్టలేదు టీచర్?" అంది తొమ్మిదేళ్ళ పొడుగు పిల్ల. వాళ్ళ నాన్న గూడ్సు బండి గార్డు.

"కొట్టుకోండిరా, ఎంతసేపు కొడతారో చూస్తాం అని తలలు చూపించారు. కొట్టేవాడే సిగ్గుపడి చెయ్యి దించుకోవాలి. తెలిసిందా?"

"అచ్ఛా," అని అందరూ తలలూపారు. గొప్పగా చెప్పాననుకున్నాను గానీ, నా చెయ్యి ఎన్నడు దిగింది గనక!

పొడుగు పిల్లని పోలీసుని చేశాను. నాయకురాలిగా ఏడేళ్ళ చిన్నది దొరికింది. ముందు పళ్ళు రెండూ ఊడిపోయి, మాట మాటకీ ఈల వేస్తుంది. "నా తల్లే, నువ్వు ఈల వేస్తే చాలే, దొరలు ఓడెక్కీస్తారు," అని ఏడిపించేదాన్ని. తెలుగు చదవలేరు కాబట్టి మాటలన్నీ హిందీ అక్షరాల్లో రాసిచ్చాను. చివర్లో చిన్నది పోలీసు కళ్ళలోకి చూసి ‘అయ్యా, మారండి!’ అనాలి. ఒక్కటే మాట. మనసు మార్చుకోండి అని. రాసుకుని నాలో నేనే మురిసిపోయాను.

రిహార్సల్లో లాఠీ అంటే చుట్టిన న్యూస్‌పేపరే. ఆ చివరి మాటకి కూడా అది టప్పున తగులుతుంటే పిల్లల ఆటలే అనుకున్నాను. ఆఖరి ఆదివారం మాత్రం పొడుగు పిల్ల వాళ్ళ నాన్న పాత జెండా కర్ర పట్టుకొచ్చింది. జెండా చినిగిపోయింది, కర్ర గట్టిగా ఉంది. "బలే తెచ్చావే," అన్నాను. ఆ మాటకి నా నోరు నేనే కొట్టుకోవాలి.

"అయ్యా, మారండి!" అంది చిన్నది.

కర్ర లేచి దాని కనుబొమ మీద పడింది. నేను బల్ల మీద వినిపించిన చప్పుడే! చర్మం చిట్లి, నెత్తురు కంట్లోకీ, అక్కణ్ణుంచి తెల్ల గౌను మీదకీ కారింది. చిన్నది ఊగింది గానీ పడలేదు, ఏడవలేదు. గడ్డం ఎత్తి, "మారండి!" అంది మళ్ళీ. రెండో దెబ్బ భుజం మీద పడింది.

ఎలా దూకానో నాకే తెలీదు. కర్ర లాక్కున్నాను. "ఏటే, మతి పోనాదా నీకు? సంపేస్తావేటే దాన్ని?" అంటూ పొడుగుదాని పిక్క మీద ఒక్కటి వేశాను. చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ, ఆ క్షణాన హాయిగా ఉంది. కర్ర మళ్ళీ ఎత్తాను.

"తనే కదా టీచర్ మారో అంటోంది! మీరే కదా రాశారు!" అని అరిచిందది, వెక్కుతూ.

హిందీలో మార్ అంటే కొట్టడం. దానికి మన ‘అండి’ తగిలిస్తే కొట్టండి అయింది. ఇళ్ళల్లో వాళ్ళు మాట్లాడేదే అలాగ. పదకొండు మందిలో ఒక్కరికైనా అనుమానం రాలేదు. తలలు చూపించి కొట్టుకోమన్నారని నేర్పినదాన్ని కూడా నేనే.

నా చేతిలో కర్ర ఇంకా పైనే ఉంది. చిన్నది వచ్చి మా ఇద్దరి మధ్యా నిలబడింది. ఒక కన్ను నెత్తురుతో మూసుకుపోయింది. ఎప్పటి అలవాటో, అరచెయ్యి చాపింది.

"దాన్ని కాదు టీచర్, నన్ను మారండి."

ఆ మాటకి ఇంకో అర్థం ఉందని ఆ హాల్లో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. కర్ర కింద పడేసి, పమిట చెంగు దాని నుదుటికి అదిమి, ఆస్పత్రికి పరిగెత్తాను. నాలుగు కుట్లు పడ్డాయి.

మరుసటి ఆదివారం కార్యదర్శి వచ్చారు. తల్లులు గోడ వారగా నిలబడ్డారు.

"ఎవులు కొట్టారమ్మా?" అని అడిగారాయన పిల్లల్ని.

"నాటకం అంకుల్," అన్నారు అందరూ ఒక్క గొంతుతో. పొడుగు పిల్ల సాక్సు మోకాలి దాకా లాక్కుని కూర్చుంది. నేను నోరు మూసుకుంటే చాలు, నా క్లాసు నాకు దక్కుతుంది. ఎంత ఆశపడ్డానో ఆ దేవుడికే తెలియాలి.

"బాబాయిగారూ, చిన్నదాని తల మీద దెబ్బ నాటకంలోదే. ఆ పిల్ల సాక్సు కింద ఉన్నది మాత్రం నాది," అని తాళం ఆయన చేతిలో పెట్టాను. ఆయన వద్దనలేదు.

వెళ్ళే ముందు బోర్డు మీద పెద్ద తెలుగు అక్షరాలతో ‘మారండి’ అని రాశాను. "కొట్టండి అని కాదర్రా దీనర్థం. బదల్ జాయియే అని," అన్నాను. నుదుటి మీద పట్టీతో చిన్నది ముందుకొచ్చి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, "మా... రం... డి," అని చదివింది. తెలుగులో అది సొంతంగా చదివిన మొదటి మాట అదే.

"అంటే కొట్టమని కాదా?" అంది పొడుగు పిల్ల, కూర్చున్న చోటి నుంచే.

"కాదమ్మా."

"మరి నన్నెందుకు కొట్టీసినారు టీచర్?"