ఓక్‌బున్ నోరు విప్పని చలికాలం

కొరియాలోని మోక్‌పో ఊరి సంతలో బియ్యప్పిండి మిఠాయిల దుకాణం మల్‌సూన్‌ది. ఆమె తమ్ముడి భార్య ఓక్‌బున్ అక్కడే ఆవిరి కుండల దగ్గర పనిచేసేది. పక్కనే ఎండుచేపలు అమ్మే నాకు వాళ్ల మాటలన్నీ వినిపించేవి.

ఓక్‌బున్‌కి మధుమేహం. మాత్రలు మానేది కాదు, తీపి ముట్టేది కాదు. అయినా పరగడుపున చూస్తే చక్కెర ఎక్కువే ఉండేది.

"ఏమే, ఏ పళ్లెం ఖాళీ చేశావు?" అని మల్‌సూన్ కొనేవాళ్ల ముందే అడిగేది.

"నేను ముట్టలేదు వదినా."

"మరి గాల్లోంచి వచ్చిందా చక్కెర?"

జనం నవ్వేవారు. ఓక్‌బున్ మొగుడు కూడా అక్క మాటే నమ్మి వంటింటి అలమరకు తాళం వేశాడు.

చివరికి డాక్టరమ్మ ఆమె నిద్రకు పరీక్ష చేయించింది. "నిద్రలో నీ గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతోందమ్మా. ఆగినప్పుడల్లా ఒళ్లు బెదిరి, కాలేయం రక్తంలోకి చక్కెర వదులుతోంది. ఇన్సులిన్ కూడా సరిగా పనిచేయడం లేదు. నువ్వేమీ తినక్కర్లేదు, అదే పెరుగుతుంది."

ముక్కుకు గాలి ఊదే యంత్రం తొడుగు పెట్టుకుని పడుకోవడం మొదలుపెట్టాక, మాత్రలూ తోడై చక్కెర మెల్లగా అదుపులోకి వచ్చింది. ఆ సంగతి చెబితే మల్‌సూన్, "నేరం గురక మీదకు తోశావన్నమాట" అని వెటకారం చేసింది.

ఆ చలికాలం మల్‌సూన్‌కీ చక్కెర పెరిగింది. మధ్యాహ్నం కునుకు తీస్తుంటే గురక చటుక్కున ఆగేది, కాసేపటికి ఉక్కిరిబిక్కిరవుతూ లేచేది. ఓక్‌బున్‌కి చూడగానే అర్థమైంది. చెప్పలేదు. పైగా దుకాణం కిటకిటలాడేటప్పుడు చూసి అడిగేది.

"వదినా, నువ్వుల ఉండలు తగ్గాయే. మీ చక్కెరెంత ఇవాళ?"

"ఒట్టు, నేను తినలేదే."

"అలాగే లెండి. మేము నమ్మామనుకోండి."

మల్‌సూన్ పిండి బస్తాల చాటున ఏడవడం ఓక్‌బున్ చూసింది. చూసి, కుండ మూత తీసి పిండి ఉడికిందో లేదో చూసుకుంది.

వసంతంలో మిఠాయి కోస్తూనే మల్‌సూన్ తూగింది. కత్తి వేలిలోకి దిగింది. వారాలు గడిచినా పుండు మానలేదు. అప్పుడు ఓక్‌బున్ ఎదురుగా కూర్చుంది.

"మీదీ నా జబ్బే వదినా. చలికాలం మొదట్లోనే తెలుసు నాకు."

"తెలిసీ చెప్పలేదా?"

"లేదు. నన్ను దొంగనన్నారు. ముందు అది తప్పని సంతలో చెప్పండి. తర్వాత ఆసుపత్రికి నేనే తీసుకెళ్తాను."

మల్‌సూన్ ఒక్కో కొట్టు ముందూ నిలబడి చెప్పింది. నా దగ్గరకు వచ్చేసరికి గొంతు పోయింది. మర్నాడే ఓక్‌బున్ ఆమెను పరీక్షకు తీసుకెళ్లింది. ఆమె కూడా తొడుగు పెట్టుకున్నాక పుండు మానింది గానీ వేలు వంకర పోయింది.

అన్నాళ్లూ చెప్పనందుకు బాధ లేదా అని ఓక్‌బున్‌ని అడిగాను.

"వేలు సంగతి కొంచెం ఉంది" అంది, నా ఎండుచేపలు ఏరుకుంటూ. "మిగతా చలికాలమంతా హాయిగా గడిచింది."