యజమాని చెప్పింది, డ్రైవరు చూపించింది

మా కంపెనీ మరో జీపుల కంపెనీతో విలీనమైన రెండో ఏడాది, వానలు తగ్గిన నెలలో నన్ను రాయపూర్ ఆఫీసు నుంచి బస్తర్‌కు పంపారు. అప్పటికి నేను డిప్యూటీ సర్వీస్ మేనేజర్ని. విలీనం తర్వాత ఒకే పనికి రెండు జీపులు మిగిలాయి. ఒకటి మేం చేసేది, ఒకటి వాళ్లు చేసేది. గతుకుల రోడ్ల జిల్లాలకు ఏది ఉంచాలో తేల్చడానికి యజమానుల సర్వే పెట్టారు. తెలుగు, హిందీ వచ్చినవాణ్ణని కోంటా నుంచి బీజాపూర్ దాకా నాకు అప్పగించారు.

పద్ధతి తేలికైనదే. గడిచిన ఏడాదిలో బండికి వచ్చిన లోపాలన్నీ యజమాని చెబుతాడు, మేం ఫారంలో రాసుకుంటాం. మొత్తం లోపాలను బళ్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేది ఆ మోడల్ మార్కు. అది ఎంత తక్కువైతే బండి అంత మంచిదన్న లెక్క.

బీజాపూర్ వైపు వాళ్ల జీపులు ఎక్కువ. అక్కడి యజమానులు ఒక్కొక్కరు అరగంట చెప్పారు. తలుపు గలగలలాడుతుందని, తడిస్తే హారన్ మోగదని, క్లచ్ గట్టిగా ఉందని. దోర్నపాల్, కోంటాల్లో ఉన్నవి మా జీపులు. అక్కడ ఫారాలు దాదాపు ఖాళీగానే మిగిలాయి. దోర్నపాల్‌లో కిరాణా వ్యాపారం చేసే వెంకటరత్నం గారికి మా జీపులు మూడు. డ్రైవర్లను పెట్టి సంతలకు జనాన్ని తిప్పేవారు.

"ఖరాబీ ఏం లేదండీ. పొద్దున పోతయ్, సాయంత్రం వస్తయ్. ఇంకేం కావాలె?" అన్నారు.

నాకు సంతోషమైంది. ఆ జీపు ముందు ఇరుసును పరీక్షించిన బృందంలో నేనూ పనిచేశాను. ఆ మధ్యాహ్నమే రాయపూర్‌లోని మా జోనల్ హెడ్‌కు ఫోన్ చేసి మన బండే గెలుస్తోందని చెప్పాను. ఆయనా మా పాత కంపెనీ మనిషే. ఆ కబురునే నా మొదటి నివేదికగా వెంటనే పైకి చేరవేశారు.

మర్నాడు చింతలనార్‌లో ఇంకో యజమానిని కలవాలి. వెంకటరత్నం గారి జీపు అటు సంతకు పోతుంటే ఎక్కాను. నడిపేది మడకం ఎర్రయ్య, నలభై ఏళ్ల దొర్ల తెగ మనిషి. నాతో తెలుగు, వెనక కూర్చున్న ఆడవాళ్లతో తమ దొర్లి భాష, దారిలో ఆపిన జవాన్లతో హిందీ మాట్లాడాడు. బండిలో పదకొండు మంది, వాళ్ల కోళ్ల గంపలు.

సగం దారిలో ఒక కల్వర్టు దాటాక ఎర్రయ్య బండి ఆపాడు. సీటు కింది నుంచి పానా తీసుకుని ముందు చక్రం దగ్గర వెల్లకిలా దూరాడు. ఏమైందని ఎవరూ అడగలేదు. ఇద్దరు ఆడవాళ్లు దిగి నీడన కూర్చున్నారు. నేను వంగి చూశాను. ముందు చక్రాలను స్టీరింగుకు కలిపే ఊచ చివర ఒక కీలు ఉంటుంది. దాన్ని టై రాడ్ ఎండ్ అంటాం. అది ఊడితే చక్రం డ్రైవరు చేతిలో ఉండదు. ఆ కీలుకు సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, తీగతో కట్టి ఉంది.

"ఎన్నాళ్లుగా ఇలా?" అని అడిగాను.

"బండి కొన్న ఆర్నెల్ల సంది. వానలల్ల వారానికోసారి బిగిస్త. మొత్తం అరిగితే కొత్తది ఏస్త."

"సేటుకు చెప్పలేదా?"

"చెప్తే జగదల్‌పూర్ వర్క్‌షాపుకు తోలమంటడు. ఆడ నాలుగు దినాలు నిలవడ్తది. నా సంత ఇంకొకనికి పోతది."

"ఆయన ఖరాబీ లేదన్నారే?"

"ఖరాబీ అంటే ఏంది సార్? బండి తొవ్వల ఆగిపోతే ఖరాబీ. ఇది ఆగలే గదా."

వెనక ఒకావిడ ఒళ్లో పసిపిల్ల నిద్రపోతోంది. మిగతా దారంతా నేను ముందు చక్రాన్నే చూస్తూ కూర్చున్నాను.

చింతలనార్‌లో ఫారం తీయలేదు. అక్కడి యజమాని అనుమతితో ఆయన దగ్గరున్న మా జీపును జాకీ మీద లేపి, చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఊపాను. కీలు వదులైతే చేతికే తెలుస్తుంది. తెలిసింది. దోర్నపాల్ తిరిగొచ్చి స్టాండులో దొరికిన మా జీపులన్నీ అలాగే చూశాను. ఎక్కువ వాటికి అదే వదులు. అరిగిన కీళ్లుంటే తెమ్మని డ్రైవర్లను అడిగితే రెండు రోజుల్లో సగం గోనెసంచి నిండింది.

బీజాపూర్ ఫారాలు మళ్లీ తీశాను. అక్కడ చాలామంది యజమానులు బండి తామే నడుపుతారు. అందుకే వాళ్లకు హారన్ కూడా లోపంగా కనిపించింది. మా జీపుల యజమానులు దుకాణంలో కూర్చుంటారు. నేను పోల్చింది రెండు బళ్లను కాదు, రెండు రకాల యజమానులను.

జోనల్ హెడ్‌కు ఫోన్ చేశాను. నాలుగు రోజుల్లో మాట మార్చిన అధికారిని ఎవరు నమ్ముతారని అడిగారు. అవతలి కంపెనీ వాళ్ల ముందు తలవంపులన్నారు. కీలు ఊడిన రోజు ఇంతకన్నా తలవంపులని చెప్పి, నా మొదటి నివేదికను రద్దు చేయమని రాసి పంపాను. గోనెసంచిని ఫ్యాక్టరీకి పంపాను. జగదల్‌పూర్ నుంచి మెకానిక్‌ను, విడిభాగాలను దోర్నపాల్‌కే రప్పించి, సంత లేని రోజుల్లో కీళ్లు మార్పించాను. ఏ డ్రైవరూ సంత పోగొట్టుకోలేదు. వెంకటరత్నం గారు పాత కీలును చేతిలో పట్టుకుని చాలాసేపు తిప్పి చూశారు. "నా మనవలు గూడ ఈ బండ్లల్లనే పోతరు ఎర్రయ్యా" అన్నారు, అంతే.

ఫ్యాక్టరీ వాళ్లు కీళ్లను కోసి చూస్తే, పైనుండే రబ్బరు తొడుగు చిరిగి ఎర్రమట్టి లోపలికి దిగినట్టు తేలింది. తొడుగు మార్చారు. అరిగిన కీళ్లను కూడా లోపాల్లో లెక్కేశాక సర్వేలో మా జీపు రెండో స్థానానికి దిగింది. మరుసటి ఏడు ప్రమోషన్ జాబితాలో నా పేరు లేదు. కారణం నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

యజమానుల సర్వేను నేను ఇప్పటికీ నమ్ముతాను. యజమాని అబద్ధం చెప్పడం అరుదు. తనకు కనిపించినంత చెబుతాడు, లోపమని తాను అనుకున్నదే చెబుతాడు. అందుకే ఒక మోడల్ మార్కు చూసినప్పుడు ఆ బండిని ఎవరు నడుపుతారు, ఎవరు బాగుచేస్తారు అన్న రెండు సంగతులూ తెలిస్తేనే దాన్ని లెక్కలోకి తీసుకుంటాను. తెలియకపోతే బండి కిందికి దూరి చూడాల్సిందే.