బావకి నేను ఎంచిన బూట్లు

మా అమ్మ చదువుకున్న బైబిలు మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను, కింద రాసినదంతా అక్షరాలా నిజం. నా ఈడువాళ్లు, ముఖ్యంగా నూజివీడు బస్టాండు పక్క టీకొట్లో నా కబుర్లు విన్నవాళ్లు, ఈ ముక్క చదివి నవ్వుకుంటారని తెలుసు. గాలివానకి మా తోటలో రాలిన పెద్దరసం మామిడికాయ దొర్లుకుంటూ ఆగిరిపల్లి దాకా పోయిందనీ, దాని వెనకాలే సైకిలు తొక్కాననీ చెప్పినవాణ్ణి నేనే. ఇది అలాంటిది కాదు. ఇది చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది, సిగ్గుపడే సంగతిలో అబద్ధం కలుపుకుని ఎవరు మాత్రం ఏం బావుకుంటారు?

మొన్న మా మేనత్త కొడుకు కూతురిని, అంటే నాకు మేనకోడలిని, పరుగు షూస్ కోసం బెజవాడ తీసుకెళ్లాను. కానిస్టేబుల్ సెలక్షన్లకి తయారవుతోంది. వాళ్ల నాన్నకి, అంటే మా బావకి, కోతల రోజులు కావడంతో తోట వదిలి రావడానికి కుదరలేదు. షాపు అతను పిల్లని కదిలే పట్టా మీద పరిగెత్తించి, వెనకనుంచి వీడియో తీసి, నెమ్మదిగా నడిపి చూపించాడు. అడుగు పడినప్పుడల్లా చీలమండ లోపలికి ఒరిగిపోతోంది, దాంతోపాటు మోకాలూ వంగుతోంది.

“ఓవర్‌ప్రొనేషన్ అంటారండీ దీన్ని.”

“మా నాన్న పాదాలేనండీ, అచ్చు దింపేశాడు,” అని పిల్ల పకపకా నవ్వింది. నాకు మాత్రం ఆ ఏసీలో చెమట పట్టింది.

ఎందుకంటే ఆ పాదాలు నేను ముందే చూశాను. ఇరవై రెండేళ్ల వయసులో నూజివీడులో ఒక చెప్పుల కొట్లో పనికి ఉండేవాణ్ణి. బావ నాకంటే మూడేళ్లు పెద్ద. పగలంతా ఆగిరిపల్లి తోటల్లో కాయల గంపలు మోసేవాడు, తెల్లారుజామున చెట్ల వరసల మధ్య పరిగెత్తేవాడు. అంతకుముందు రెండుసార్లు కానిస్టేబుల్ సెలక్షన్ల పరుగులో వెనకబడ్డాడు. వయసు దాటిపోతోంది, ఇదే ఆఖరిసారి. అప్పటిదాకా ఉత్త కాళ్లతో పరిగెత్తినవాడు, ఈసారి బూట్లు కొనాలని వానలో తడిసి కొట్టుకొచ్చాడు. గచ్చు మీద పడిన ఆ తడి అడుగులకి మధ్యలో వంపు లేదు, రొట్టె పరిచినట్టు అరికాలంతా పడింది. కొట్టు పెద్దాయన ఆ అడుగులు చూశాడు, గుమ్మంలో విడిచిన చెప్పులు తిరగేసి చూశాడు.

“రెండూ లోపలివైపే అరిగాయి చూడరా. ఈ అబ్బాయికి మెత్తనివి పనికిరావు. లోపలి అంచున గట్టి దన్ను ఉన్నవి, మడమ దగ్గర నొక్కితే లొంగనివి, ఆ బూడిదరంగువి ఇవ్వు,” అని నాకు చెప్పి భోజనానికి ఇంటికెళ్లాడు.

బూడిదరంగువి మొద్దుగా, దుంగల్లా ఉండేవి. వాటి పక్కనే నీలంవి ఒక జత ఉండేది. దూదిలా మెత్తన, తెల్లని చారలు. నెల రోజులుగా కొట్టు ఊడ్చేముందు వాటిని ఒకసారి తొడుక్కుని విప్పుతున్నాను. బావదీ నాదీ ఒకే కొలత. బావకి ఉద్యోగం వస్తే సర్కారు బూట్లు వస్తాయి, ఈ నీలంవి ఎటూ నా కాళ్లకే చేరతాయి. ఇంత లెక్క నా బుర్రలో ఎంతసేపట్లో తయారైందో చెప్పమంటే, ఆయన వీధి మలుపు తిరిగేలోపే.

“ఇవి తొడుక్కుని రాలిన మామిడిపూత మీద పరిగెత్తినా పువ్వు నలగదు బావా,” అన్నాను.

“పెద్దాయన అవన్నాడు కదరా?”

“ఆయన పాతకాలం మనిషి. అవి పొలం గట్టుకి పనికొస్తాయి.”

బావ నా మొహంలోకి చూసి, “నువ్వు కొట్లో ఉన్నోడివి, నీకు తెలీదా,” అని నీలంవే తీసుకున్నాడు.

మూడు వారాలకి మోకాలి కింది ఎముకకి లోపలివైపు నొప్పి మొదలైంది. కొత్తవి అలాగే ఉంటాయన్నాను. పరుగు రోజున మైదానం కంచె పక్క నిలబడి చూశాను. మూడు చుట్లు ముందువరసలోనే ఉన్నాడు, నాలుగో చుట్టులో కాలు పట్టుకుని కూర్చుండిపోయాడు. తప్పంతా బూట్లదేనని ఎవరూ తేల్చలేదు, కాదని నాకు నేను చెప్పుకోలేకపోయాను.

మర్నాడు బావే ఆ బూట్లు తెచ్చి, “నీకు ఇష్టం కదరా ఇవి,” అని ఇచ్చాడు. తొడుక్కుంటే అడుగు నిలవలేదు. లోపలి అంచులు అప్పటికే కుంగిపోయాయి, నా మంచి పాదాలు కూడా వాటిలో లోపలికే ఒరిగాయి. పది అడుగులు వేసి విప్పేశాను.

ఇదంతా పోయిన వేసవిలో బావతో చెప్పేశాను. ప్యాకింగు షెడ్డులో కాయలు గ్రేడు చేస్తూ విన్నాడు, నవ్వాడు, ఒక చిన్నరసం నా చేతిలో పెట్టి, “పోనీలేరా” అన్నాడు.

మేనకోడలికి గులాబీరంగు మెత్తనివి నచ్చాయి. వద్దమ్మా అన్నాను. దన్ను ఉన్నవి తీయించి, మడమ నొక్కి చూశాను, బట్ట పిండినట్టు మెలితిప్పి లొంగవని నమ్మాకే తొడిగించి పట్టా మీద మళ్లీ పరిగెత్తించాను. చీలమండ నిలిచింది.

“నీకెలా తెలుసు మావయ్యా ఇదంతా?”

కొట్లో చేశాను కదా అన్నాను. అదొక్కటే అన్నాను.

ఇప్పుడు యంత్రం కాలి లోపాన్ని బొమ్మలో చూపిస్తోంది, ఎవరి మాటా నమ్మక్కర్లేదు. ఆ రోజుల్లో ఒక తడి అడుగు, ఒక జత అరిగిన చెప్పులు, కొట్లో ఉన్న మనవాడి మాట, అంతే ఉండేవి. మొదటి రెండూ బావకి నిజమే చెప్పాయి.

ఇక ఒట్టు సంగతి. షెడ్డులో బావతో చెప్పానన్నది, ఆ చిన్నరసం, ఆ “పోనీలేరా”, మూడూ నా కల్పన. షెడ్డుకి వెళ్లిన మాట మాత్రం నిజం. మళ్లీ పెద్దరసం కథే చెప్పి వచ్చాను, బావ ఎప్పటిలాగే నవ్వాడు. అమ్మ బైబిలు మీద కూడా చెయ్యి ఆన్చలేదు, బెత్తెడు పైన పట్టుకున్నాను. నా రాతలు అచ్చయితే వాళ్ల నాన్నకి చదివి వినిపించేది మేనకోడలే. ఈ పాటికి ఇక్కడిదాకా చదివే ఉంటుంది. బావా, చెప్పుల కొట్లో ఆ రోజు పెద్దాయన చెప్పిందే నిజం.