అరచేతిలో రెండు హీబ్రూ అక్షరాలు

యూదుల మార్మిక విద్య చదువుకుంటున్న రోజులవి. కోదాడ నుంచి సూర్యాపేట వెళ్లే బస్సులో హీబ్రూ అక్షరాలు దిద్దుకుంటున్నాను. పక్కన ఒకామె, జబ్బుపడిన భర్తను భుజానికి ఆనించుకుని దవాఖానకు తీసుకెళ్తోంది.

"గదేం రాత సారూ?"

"యూదుల భాషమ్మా. ఈ రెండక్షరాలు కలిపితే 'బతికున్న' అని అర్థం. అక్షరాల్లోనే శక్తి ఉంటుందని వాళ్ల నమ్మకం."

"అయితే మా ఆయన చేతిల జర రాయుండ్రి."

కాదనలేక ఆయన అరచేతిలో పెన్నుతో రాశాను.

మునగాల దాటాక ఆయన ఊపిరి ఆగిపోయింది. డ్రైవర్ బస్సు ఆపాడు. ఆమె వెంటనే ఏడవలేదు.

"ఇగ ఇది తుడవాల్నా సారూ, ఉంచాల్నా?" అని నన్నే అడిగింది.

"ఉంచమ్మా" అన్నాను. ఎందుకలా అన్నానో నాకు తెలియదు. ఆమె ఆయన వేళ్లు ఒక్కొక్కటే మడిచి, పిడికిలి మూసింది.