ఫింటాస్ కింద ఉన్న ఊరు

హజ్జియా చెప్పులకు తడి మట్టి అంటుకుని ఉండడం నేను మొదటిసారి చూసేనాటికి ఆ ఇంట్లో చేరి ఏడు నెలలైంది. మక్కా వెళ్లివచ్చిన పెద్దావిడ కాబట్టి ఇంటిల్లిపాదీ ఆమెను హజ్జియా అనేవారు. ఎనభై దాటిన మనిషి. మోకాళ్లు సహకరించవు, బీపీ ఎక్కువ, జ్ఞాపకం ఒక్కోరోజు నిలుస్తుంది, ఒక్కోరోజు జారిపోతుంది. ఆమెను చూసుకోవడానికి నన్ను పెట్టుకున్నది ఆమె కూతురు. ఇంట్లో పనిచేసేవాళ్లందరిలాగే నేనూ ఆ కూతుర్ని అక్కడి పద్ధతిలో మామా, అంటే అమ్మా, అని పిలిచేదాన్ని. నాది నరసాపురం దగ్గర పల్లెటూరు. నర్సింగ్ చదివి, రెండు ఆసుపత్రుల్లో చేసి, చివరికి కువైట్‌లోని ఫింటాస్‌లో ఒక ముసలమ్మ మంచం పక్కన తేలాను.

ఫింటాస్ అంటే నాకు తెలిసింది ఇంతే. పెద్ద రోడ్డు వైపు కువైటీల విల్లాలు, సముద్రం వైపు అద్దెల భవనాలు. ఆ భవనాల్లో మలయాళీలు, ఈజిప్టు వాళ్లు, ఫిలిప్పీన్సు వాళ్లు, మనవాళ్లు. మధ్యలో పార్కింగులు. ఎటు చూసినా తారు, టైల్సు, గాలికి వచ్చిపడే తెల్ల ఇసుక. నల్లటి తడి మట్టి మాత్రం ఎక్కడా లేదు. అందుకే ఆ చెప్పుల్ని చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండింటినుంచి నాలుగింటివరకు ఇల్లంతా నిద్రపోయేది. నాకూ అదే విశ్రాంతి సమయం. హజ్జియాకు మందులిచ్చి, పడుకోబెట్టి, వెనక గదికి వెళ్లిపోయేదాన్ని. నాలుగింటికి తిరిగొస్తే ఆమె మంచంమీదే ఉండేది. కానీ వారంలో చాలా రోజులు బీపీ చూస్తే పొద్దున్నకంటే ఎక్కువ. ముఖం ఎండలో తిరిగొచ్చిన మనిషి ముఖంలా ఎర్రగా ఉండేది. "ఎక్కడికి వెళ్లారు?" అంటే నవ్వేది. ఒకసారి నన్ను చనిపోయిన తన చెల్లెలి పేరుతో పిలిచి, "నీకు తెలీదా?" అంది.

నా అనుమానం డ్రైవరుమీదికి పోయింది. ఆయనది రాయచోటి. యాభై దాటిన మనిషి, ఆ ఇంట్లో పదకొండేళ్లుగా ఉన్నాడు. మితంగా మాట్లాడతాడు. ఒకరోజు నాలుగింటికి ముందే లేచి వాకిట్లోకి వచ్చాను. బండి షెడ్డు నీడలో ఉంది. బానెట్‌మీద చెయ్యి పెడితే కాలింది.

"ఏంటండీ అన్నయ్యా, బండి నీడలోనే ఉంది కదా, ఇంజనింత వేడిగా ఉందేంటి?" అన్నాను.

ఆయన గుడ్డతో అద్దం తుడుస్తూనే, "బ్యాటరీ దిగిపోతాదని కాసేపు ఆన్ చేసింటిని లేమ్మా. నీకేం పని ఈడ?" అన్నాడు.

నాకేం పని అన్న మాట నాకు నచ్చలేదు. ఒంటరి ముసలమ్మ, ఒంటినిండా పాత బంగారం, సంతకం పెట్టమంటే పెట్టేసే స్థితి. ఆమెను ఎక్కడికో తీసుకెళ్లి ఏం చేయిస్తున్నాడోనని రకరకాలుగా ఊహించాను. ఆయన ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడితే అనుమానం, నన్ను చూసి మాట మార్చితే అనుమానం. ఆయన కూడా నన్ను అలాగే చూస్తున్నాడని తర్వాత తెలిసింది. మామా నన్ను కాపలా పెట్టిందని ఆయన లెక్క.

ఏప్రిల్‌లో ఒకరోజు స్నానం చేయిస్తుంటే హజ్జియా ముంజేతి నిండా గీతలు కనిపించాయి. సన్నగా, ఎర్రగా, మూడు నాలుగు. నా వెనకే వచ్చిన మామా కూడా చూసింది.

"ఇవేంటి?" అంది.

"నాకు తెలియదు మామా."

"రోజంతా దగ్గరుండేది నువ్వు. నీకు తెలియకుండా ఎలా వస్తాయి?"

ఆ సాయంత్రమే హజ్జియా గదిలో కెమెరా పెట్టించే మాటలు విన్నాను. అంటే వాళ్ల లెక్కలో ఆమెను కొట్టింది నేనే. నా ఇఖామా, ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం, ఆమె చేతిలో ఉంది. ఒక్కమాట రాస్తే ఇంకెక్కడా నర్సు పని దొరకదు. వంటగది గుమ్మం దగ్గర మామాను ఆపాను. మధ్యాహ్నాల్లో డ్రైవరు హజ్జియాను బయటికి తీసుకెళ్తున్నాడని, చెప్పులకు మట్టి చూశానని, ఇంజను వేడి చూశానని అన్నీ చెప్పేశాను. కళ్లతో చూడనిది కూడా చూసినట్టే చెప్పానేమో. ఆ భయంలో ఏది చూసిందో ఏది అనుకున్నదో నాకే తెలియలేదు.

మామా డ్రైవర్ని పిలిచి అడిగింది. ఆయన నేలచూపులు చూస్తూ, "లేదు మామా, ఎక్కడికీ తీసుకెళ్లలేదు" అన్నాడు అరబిక్‌లో. పక్కింటివాళ్ల గేటు కెమెరాలో మా బండి వారంలో నాలుగు రోజులు రెండున్నరకు బయటికి వెళ్లడం దొరికింది. మామా గొంతు పెంచలేదు. "అబద్ధం చెప్పేవాడు నా ఇంట్లో వద్దు. ఖలాస్. ఇంకో కఫీల్‌ని చూసుకో" అంది. కొత్త యజమాని పేరుమీదికి కాగితాలు మారేవరకు ఉండమంది కానీ తాళాలు తీసేసుకుంది.

నేను గెలిచాననుకున్నాను. రెండు రోజులు హాయిగా నిద్రపోయాను కూడా.

మూడోరోజునుంచి హజ్జియా అన్నం ముట్టడం మానేసింది. మధ్యాహ్నం కాగానే లేచి కూర్చుని తలుపు వైపు చూసేది. నాలుగోరోజు నా మణికట్టు పట్టుకుని, "వాడు రావడం లేదు. నువ్వు తీసుకెళ్లు. యల్లా, పద" అంది.

ఎక్కడికో తేల్చుకుందామనే ఒప్పుకున్నాను. ఆమెను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, వెనక గేటునుంచి బయటపడ్డాను. దారి ఆమే చూపించింది. మసీదు దాటి, బేకరీ దాటి, సముద్రం వైపు భవనాల సందుల్లోకి. ఇరవై నిమిషాలు తోసి ఉంటాను. కిటికీల్లోంచి జనం మమ్మల్ని అనుమానంగా చూశారు. ఒకతను బాల్కనీలోంచి ఫోన్ ఎత్తి ఫోటో కూడా తీసుకున్నాడు. నల్ల అబాయాలో కువైటీ ముసలామె వాళ్ల పార్కింగులోకి వస్తే ఏదో తనిఖీ అనుకుని ఉంటారు.

రెండు భవనాల మధ్య, కార్ల వరస చివర, ఒక రేగుచెట్టు ఉంది.

మా ఊళ్లో గట్లమీద ఉండే రేగుచెట్టే. కాకపోతే బాగా పెద్దది, మోటు మాను. ఏసీల నీళ్లు గొట్టంలోంచి దాని మొదట్లో పడి అక్కడ నేల నల్లగా, బురదగా ఉంది. కిందంతా పండ్లు రాలి ఉన్నాయి. హజ్జియా కుర్చీలోంచి దిగి, నేను పట్టుకునేలోపే ముళ్లకొమ్మలోకి చెయ్యి పెట్టి ఒక పండు తెంపి నా నోట్లో పెట్టింది. ముంజేతిమీద ఇంకో గీత పడింది.

"ఇది మా ఇంటి చెట్టు" అంది.

అక్కడే చెట్టునానుకుని నిలబడి ఆమె ఊరంతా చూపించింది. ఆ పదంతస్తుల భవనం ఉన్నచోట వాళ్ల కర్బూజా మళ్లు. ఈ తారు కింద బావి, తియ్యటి నీళ్ల బావి, పడవలవాళ్లు తోలుతిత్తులు పట్టుకుని వచ్చేవాళ్లు. సముద్రం అప్పుడింకా దగ్గరగా ఉండేదట. మగవాళ్లు సగంమంది చేపలకు, సగంమంది పొలాలకు. వేసవిలో పట్నంనుంచి కలవారు చల్లగాలికి వచ్చి ఇక్కడ ఉండేవారు. తర్వాత చమురు వచ్చింది. సర్కారు నేల తీసుకుని, డబ్బిచ్చి, కొత్త ఇళ్లు ఇచ్చింది. "అందరూ సంతోషించారు. నేను కూడా. టాయిలెట్ లోపలే ఉంటుందని" అని నవ్వింది.

నేను నమ్మలేదు. నన్ను చెల్లెలనుకునే మనిషి ఏ చెట్టును చూసైనా మా చెట్టే అనవచ్చు. నా ముఖం చూసి కనిపెట్టినట్టుంది. "ఆ కరెంటు గది వెనక చూడు, బావి గట్టు ఉంటుంది" అంది. వెళ్లి చూశాను. అట్టపెట్టెలూ విరిగిన కుర్చీలూ పడేసిన మూల, నేలకు జానెడు ఎత్తులో, వంపు తిరిగిన రాళ్ల వరస. పాతకాలంలో సముద్రంలోంచి తెచ్చి ఇళ్లు కట్టుకున్న చిల్లుల రాయి. మధ్యంతా చెత్తతో పూడిపోయింది. అయినా అది బావే. అందులో సందేహం లేదు.

తిరిగి వచ్చేటప్పుడు డ్రైవరు గేటు దగ్గరే కూర్చుని ఉన్నాడు. మా ఇద్దరినీ, కుర్చీ చక్రాలకున్న మట్టినీ చూశాడు. లేచి గేటు పట్టుకున్నాడు.

ఆ రాత్రే మామా దగ్గరికి వెళ్లాను. చూసిందంతా చెప్పాను. ఆమె సోఫాలో నిటారుగా కూర్చుని విన్నది.

"మా అమ్మ నాకెందుకు చెప్పలేదు?"

జవాబు ఆమెకే తెలుసు. రెండేళ్లకిందట హజ్జియా అక్కడికే వెళ్లి జారిపడితే, "పరాయి జనం మధ్య నీకేం పని" అని గొడవపెట్టుకుని ఆపించింది తనే. అందుకే కూతురికి చెప్పనని డ్రైవరుచేత ఖురాన్‌మీద ఒట్టు వేయించుకున్నానని తిరిగొచ్చే దారిలో హజ్జియా నాకు చెప్పింది. ఆయన ఒట్టు తప్పలేదు. ఉద్యోగం పోయినా తప్పలేదు.

"మరి ఆయన్ని ఉంచేయండి మామా" అన్నాను.

"నాకు అబద్ధం చెప్పాడు. కారణమేదైనా అబద్ధం అబద్ధమే" అంది. తర్వాతి వారం ఆయన వెళ్లిపోయాడు.

రెండు నెలల తర్వాత ఒక శుక్రవారం పక్క పేట ఎగైలాలో సరుకుల దుకాణం ముందు కనిపించాడు. అక్కడే వేరే ఇంట్లో డ్రైవరు. ఆ ఇంటి అయిదుగురు పిల్లల్ని మూడు స్కూళ్లకు దింపాలి, ఉండడానికి మేడమీద రేకుల గది. క్షమించమని అడగాలని దగ్గరికి వెళ్లాను. నేను మొదలుపెట్టేలోపే ఆయనే అన్నాడు.

"నువ్వు చెప్పింది నిజమే కదమ్మా. నేను ఆమెను పిల్చుకపోయింటి, లేదని అబద్ధమాడింటి. నీమీద నాకేం కోపం లేదు. కానీ మామాకి చెప్పకముందు నన్నొక మాట అడిగింటే బాగుండు."

"అడిగితే చెప్పేవారా అన్నయ్యా?"

"చెప్పేవాణ్ని కాదులే. నువ్వు మామా మనిషివనుకుంటి" అని, సంచులు ఎత్తుకుని వెళ్లిపోయాడు.

ఇప్పుడు హజ్జియాను నేనే తీసుకెళ్తున్నాను, మామా అనుమతితో, వారానికి రెండుసార్లు. మామా ఒకసారి మాతో వచ్చింది. బండి దిగకుండా అద్దం సగం దించి చూసింది. "ఈ ఎదురుగా ఎవరి ఇల్లుండేది?" అని హజ్జియా అడిగితే ఆమెకు తెలియలేదు. ఇంటికొచ్చాక నాకొక నోటుపుస్తకం ఇచ్చింది. అమ్మ చెప్పేవన్నీ రాసిపెట్టమంది.

అరబిక్ రాయడం నాకు రాదు. తెలుగులోనే రాస్తున్నాను. బావి, మళ్లు, ఎవరింటి పక్కన ఎవరు, పడవలు ఎక్కడ ఆగేవి, అన్నీ. గురువారం సాయంత్రాలు మామా ఆ పుస్తకం తీసుకుని పేజీలు తిప్పుతుంది. ఒక వాక్యంమీద వేలు పెట్టి, "ఇక్కడ ఏం రాశావు? మా గురించి ఏమైనా రాశావా?" అని నా కళ్లలోకి చూస్తూ అడుగుతుంది. నేను చదివి, అర్థం చెబుతాను. ఆమె తలాడిస్తుంది. అదే వాక్యాన్ని మళ్లీ పై వారం చదివించి, రెండుసార్లూ ఒకేలా చెప్పానో లేదో చూసుకుంటుంది.