నాన్నది కన్వర్షన్

నాకు అనుమానం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. నేను దాన్ని జాగ్రత్త అంటాను. రాయగడలో ఇరవై ఏళ్లుగా బట్టల కొట్టు నడుపుతున్నదాన్ని. రంగు పోదని ఒట్టేసి చెప్పిన చీరని కూడా కొంగు తడిపి చూశాకే అరలో పెడతాను.

నాన్న పోయిన ఏడాదికి మా తమ్ముడు లక్ష్మీపూర్ నుంచి ఫోన్ చేశాడు. వాడికి అక్కడ కిరాణా కొట్టు ఉంది. నేను బేరం మధ్యలో ఉన్నాను.

"అక్కా, నాన్నది కన్వర్షన్ సెయ్యాలంట. నేకపోతే అవ్వదంటన్నారు. సేయించీమంటావా?"

మా వైపు కన్వర్షన్ అంటే ఒక్కటే. సాగు భూమిని తహసీల్ ఆఫీసులో ఘరబారి కింద, అంటే ఇళ్ల స్థలం కింద, మార్పించడం. అదయ్యాక ప్లాట్లు కోసి అమ్మడమే తరువాయి. ఇక నాన్నది అంటే కొల్నార ఊళ్లో ఉన్న పొలమే. అందులో సగం నాకని నాన్న ఎప్పుడూ అనేవాడు గానీ కాగితం రాయలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నాన్నది ముట్టుకున్నావంటే ఊరుకోను! ఎలాగున్నది అలాగే ఉండాల. కన్వర్షన్ లేదు, గిన్వర్షన్ లేదు!" అని అరిచాను.

"సరే అక్కా, అలగే సూస్తాను" అన్నాడు వాడు. అంత తొందరగా ఒప్పుకోవడం నాకు అసలు నచ్చలేదు.

నాలుగు రోజులాగి మరదలికి ఫోన్ చేసి, వాడేం చేస్తున్నాడని మాటల్లో పెట్టి అడిగాను.

"కొరాపుట్ ఎల్లేరొదినా. ఏదో మిషన్ కోసమంట. అక్క ఒప్పుకోదు, ఎక్కడున్నా ఎతికి తేవాలని ఒకటే తిరుగుడు."

మిషనట! భూమి కొలిచే అమీన్లు ఈ మధ్య గొలుసులు మానేసి మిషన్లతోనే వస్తున్నారు. కన్వర్షన్ వద్దంటే ముందు కొలిపించి పెట్టుకుంటున్నాడన్నమాట. మర్నాడే కొట్టు మూసి ఆటో ఎక్కి కొల్నార వెళ్లాను. గట్లన్నీ తిరిగి చూశాను. కొత్త రాయి లేదు, పాతిన పుల్ల లేదు. ఇంకా పాతలేదు కాబోలు అనుకున్నాను తప్ప, నా అనుమానం తప్పేమోనని ఒక్కసారైనా అనుకోలేదు. మట్టి కాళ్లతోనే తిరిగొచ్చి, ఆ రాత్రి తమ్ముడి ఫోన్ వస్తే ఎత్తలేదు.

తర్వాతి ఆదివారం వాడు గోనెసంచి చుట్టిన పెట్టె ఒకటి చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"భూమి కొలిచే మిషనేటి?" అన్నాను, గుమ్మంలో అడ్డంగా నిలబడి.

"భూమేటక్కా?" అని వాడు తెల్లబోయి చూశాడు. సంచి విప్పితే పాత డీవీడీ రికార్డరు. "నాన్న వీడియో అక్కా. నా పాత కెమెరాతో తీసిన సిన్న డిస్కు. మా టీవీకి ఎక్కడం నేదు. కన్వర్షన్ సేసి పెన్‌డ్రైవులో ఎక్కిస్తేగానీ ఆడదన్నారు. నువ్వేమో ఎలాగున్నది అలాగే ఉండాలన్నావు. ఏ మార్పూ సెయ్యకుండా ఆడించే మిషన్ ఒక్క షాపులోనూ నేదు. కొరాపుట్‌లో ఓ పాత రిపేరు కొట్లో దొరికింది."

నేను పక్కకి జరిగాను. వాడు వైర్లు తగిలించి డిస్కు పెట్టాడు. మిషన్ గరగరమంది. టీవీలో నాన్న.

కొల్నార గట్టు మీద, లుంగీ ఎగ్గట్టి, చేతిలో కర్రతో నిలబడి ఉన్నాడు. కెమెరా పట్టుకున్నది తమ్ముడే. వాడితో చెబుతున్నాడు.

"ఇదిగో, ఈ గట్టు కాడినుంచి ఆ తుప్పల దాకా మీ అక్కది. సరిగ్గా కనబడేలాగ తియ్యి. కాగితం రాసినా దొంగ కాగితమంటాది. నువ్వు సెప్పినా నమ్మదు. నేను సెప్తంటే తనే సూడాల."

"సూపిస్తాను నాన్నా," అని తమ్ముడి గొంతు.

"ముక్కలు కొయ్యకు. కోస్తే మజ్జిలో ఏటి తీసేసేరని అడుగుతాది."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే నాన్న కర్ర దించి, నేరుగా నావైపు చూశాడు.

"ఏటమ్మీ, ఇప్పుడైనా నమ్మేవా?"

తమ్ముడు నా వెనకాలే నిలబడి ఉన్నాడు, చేతికంటిన దుమ్ము చొక్కాకి తుడుచుకుంటూ. నాకు సిగ్గేసింది. వాడివైపు తిరగడానికి చాలాసేపు పట్టింది.