తవిటయ్య మావ గేటు మీద నా తేదీ

నిన్న టీ బ్రేక్‌లో ఫోన్ తీశాను. మా షెడ్డు వాట్సాప్ గ్రూపులో, నాతో పనిచేసిన గణపతి వాయిస్ మెసేజ్.

"బావా, మావ పోనాడు."

అంతే. మూడుసార్లు విన్నాను. ఇంకెవరి మావో అయ్యుంటాడేమో అని.

కానీ మా గ్రూపులో అందరికీ మావ అంటే ఒక్కడే. తవిటయ్య మావ.

వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్ళే మనిషే. మా ఉద్దానంలో అది కొత్తేమీ కాదు. అయినా ఆయన పోతాడని నేనెప్పుడూ అనుకోలేదు. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. పలాసలో, మందస వెళ్ళే రోడ్డు మీద ఆయనది చిన్న వెల్డింగ్ షెడ్డు. జీడి ఫ్యాక్టరీల బాయిలర్ రిపేర్లు, ట్రాలీలు, గేట్లు. బోర్డు లేదు, లెటర్‌హెడ్ లేదు, జీతం స్లిప్పులు అసలే లేవు.

ఒక్క రూల్ మాత్రం ఉండేది.

ఎవరు పనిలో చేరినా మొదటిరోజే షెడ్డు ఇనప గేటు లోపలివైపు తన పేరులో మొదటి అక్షరం, ఆ రోజు తేదీ వెల్డింగ్‌తో రాయాలి. ఎంత వంకరగా వచ్చినా చెరపకూడదు. అదే మా అటెండెన్స్ రిజిస్టర్.

నాది అక్కుపల్లి. మా ఇంట్లో అందరూ సముద్రం మీద చేపల వేటకెళ్ళేవాళ్ళే. నాకేమో పడవెక్కితే వాంతులు. అలా తేలాను ఆయన షెడ్డులో. కూర్మారావు అని పేరు కాబట్టి 'కూ' వేశాను. కాలు విరిగిన కొంగలా వచ్చింది.

మూడేళ్ళ నాలుగు నెలల తర్వాత ఆస్ట్రేలియాలో ఒక కంపెనీ వీడియో ఇంటర్వ్యూ చేసి నన్ను సెలెక్ట్ చేసింది. పీఆర్‌కి, అంటే అక్కడే స్థిరంగా ఉండిపోయే అనుమతికి, వాళ్ళే స్పాన్సర్. కాకపోతే ముందు స్కిల్స్ అసెస్‌మెంట్ పాస్ కావాలి. దానికి ఐదేళ్ళ అనుభవం చూపించాలి. యజమాని లెటర్, దాంతోపాటు ఏదో ఒక ఆధారం.

ఆధారమంటే నాకున్నది గేటు ఒక్కటే.

ఆ తర్వాత నేను చేసింది ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఈరోజు చెప్పాలి.

ఒక ఆదివారం షెడ్డు తెరిచాను. తాళం నా దగ్గరే ఉంచేవాడు, అంత నమ్మకం. గ్రైండర్ పెట్టి నా తేదీలో సంవత్సరం అరగదీసేశాను. రెండేళ్ళు వెనక్కి జరిపి కొత్త అంకె వేశాను. పాతదిలా తుప్పు పట్టాలని ఉప్పునీళ్ళు కూడా రాశాను.

సోమవారం మావ వచ్చాడు. గేటు ముందు ఆగాడు. ఆ అంకెని వేలితో తడిమాడు.

"ఇదెవులేసినార్రా?"

నేను వంగి కింద రాడ్లు సర్దసాగాను.

"అచ్చరం సూత్తే మొదటిరోజోడు ఏసినట్టున్నాది. అంకె సూత్తే మేస్త్రీ ఏసినట్టున్నాది. నీ పనే నిన్ను పట్టిచ్చీసిందిరా."

తిట్టలేదు. తిడితే బాగుండేది.

పక్కనున్న జెరాక్స్ షాపులో లెటర్ టైప్ చేయించాడు. మూడేళ్ళ నాలుగు నెలలు. కింద సంతకం పెట్టి ఇచ్చాడు.

"లేని రెండేళ్ళు నాను రాయలేన్రా. మిగతాది వచ్చి పనిసెయ్యి. నేర్పుతాను."

ఆ లెటర్ ఆయన ముందే చింపాను. "నోటికాడి కూడు తన్నీసినావు మావా" అని రోడ్డంతా వినపడేలా అరిచాను. ఆ కంపెనీ ఇంకొకరిని తీసుకుంది. ఆరు నెలలు ఆ రోడ్డు తొక్కలేదు నేను.

చివరికి సిగ్గు చంపుకుని వెళ్ళాను. ఎందుకొచ్చావని అడగలేదు.

"గ్లౌజులు ఆ మేకుకే ఉన్నాయి, తీసుకో" అన్నాడు.

తర్వాత దాదాపు రెండేళ్ళు ఆయన నాకు నేర్పింది ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనూ దొరకదు. స్టెయిన్‌లెస్ స్టీలు, టిగ్ వెల్డింగ్, పైపు జాయింట్లు. నేను వేసిన ప్రతి జాయింటూ కోసి లోపల చూపించేవాడు. మొదట్లో ఏడుపొచ్చేది.

ఐదేళ్ళు నిండాక ఇంకో కంపెనీ దొరికింది. మళ్ళీ అసెస్‌మెంట్. ఈసారి గేటు చూపించకుండా, మావ రాసిచ్చిన లెటర్ పెట్టి, ఆధారానికి ఆయన్నే అడగమన్నాను. ఆయనకే వెరిఫికేషన్ కాల్ వచ్చింది. మధ్యలో ఒకామె తెలుగులోకి తర్జుమా చేస్తోంది. స్పీకర్ ఆన్‌లో ఉంది, నేను పక్కనే ఉన్నాను. ఎన్నేళ్ళు పనిచేశాడని అడిగారు.

మావ అంతా సరిగ్గానే చెప్పాడు. నేను ఊపిరి పీల్చుకునేలోపు ఇంకో మాట కలిపాడు.

"మజ్జిలో ఆర్నెల్లు నా మీద అలిగి ఎల్లిపోనాడమ్మా. అది లెక్కలో కలపకండి."

ఇక అయిపోయింది అనుకున్నాను. అవతల ఆమె మాత్రం నవ్వింది. ఆ ఆరు నెలలు పని చేయలేదని లెటర్‌లోనూ అలాగే ఉంది. రెండూ సరిపోయాయి, పాసయ్యాను. వర్క్ వీసా మీద ఆస్ట్రేలియా వచ్చేశాను.

పోయిన నెల పీఆర్ గ్రాంట్ వచ్చింది. మొదటి ఫోన్ ఆయనకే చేశాను.

"ఇంక నిన్నక్కడ ఎవులూ పొమ్మనరు గదా?"

"అనరు మావా."

"అయితే సెలవెట్టుకుని ఓపాలి రా. గేటు మీద నీ అంకె అబద్ధంగానే ఉండిపోనాది. నువ్వేసిందే గదా, నాను ముట్టుకోలేదు. నువ్వే దిద్దాల."

డిసెంబర్‌లో వస్తానన్నాను. టికెట్ కూడా తీశాను. ముందే వెళ్ళాల్సింది.

నిన్న అత్తతో మాట్లాడాను. ఆమె ఏడుస్తూనే ఉంది. గేటు అమ్మొద్దని, రంగు వెయ్యొద్దని మాత్రం అడిగాను. "నువ్వొచ్చీదాకా ఎవుల్నీ ముట్టనివ్వొద్దని మీ మావ ముందే సెప్పీసినాడు" అంది.

అప్పుడు ఏడ్చాను, మావా.

వస్తాను. నా అంకె దిద్దుతాను. ఆ గేటు మీద మా అందరి పేర్లూ ఉన్నాయి, నీది లేదు. పైన నీ 'త' నేనే వేస్తాను. ఈసారి వంకర రాదు.

ఇన్నాళ్ళూ నిప్పు దగ్గరే బతికావు. ఇక చల్లగా నిద్రపో మావా.